ఎగువా దిగువా లేని దోనె

అడవి పెద్దదే. అందులో లోయలున్నాయి, వాగులున్నాయి, ఎండ పడని చోట్లు బోలెడున్నాయి. అయినా మన కథంతా ఒక జీపు షెడ్డు చూరు కిందే జరుగుతుంది. ఏం చేస్తాం, అది పంచాయతీ ఉన్న అడవి.

ఒకప్పుడు అక్కడ మనుషుల బంగళా ఉండేది. ఎందుకో వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ రెండు గదుల బంగళానీ, దానికి వంద అడుగుల దూరంలో విడిగా కట్టిన షెడ్డునీ, షెడ్డులో ఇంజను లేని జీపునీ వదిలేశారు. జంతువులు బంగళాను పంచాయతీ ఆఫీసు చేసుకున్నాయి. జీపును ప్రెసిడెంటుగారికి కేటాయించాయి.

ప్రెసిడెంటు ఒక ఎలుగుబంటి. పేరు భల్లయ్య. మనసు మంచిదే, కాకపోతే చివర మాట్లాడినవాళ్ళ మాటే ఆయన మాట. రోజూ పొద్దున్నే షెడ్డుకు వచ్చి, తలుపు వేసుకుని, జీపెక్కి స్టీరింగు పట్టుకుని నోటితో "డుర్ర్ర్" అనేవాడు. అలా పావుగంట ప్రయాణం చేసి, దిగి, ఒళ్ళు విరుచుకుని, నడుచుకుంటూ ఆఫీసుకు వెళ్ళేవాడు. ఎప్పుడైనా ఆలస్యమైతే "దారిలో రద్దీగా ఉందయ్యా" అనేవాడు.

ఆఫీసు గోడ మీద పంచాయతీ మొట్టమొదటి తీర్మానం బొగ్గుతో పెద్ద అక్షరాల్లో రాసి ఉండేది: "ఈ అడవిలో ఎగువ లేదు, దిగువ లేదు. అందరం ఒక్కటే." మంచి తీర్మానం. చదివి కళ్ళు తుడుచుకున్న జింకలు కూడా ఉన్నాయి. దాన్ని ఒక వెదురు బద్దకు కూడా వర్తింపజేస్తారని మాత్రం ఆ రోజున ఎవరూ ఊహించలేదు.

షెడ్డుకు మొదట్లో గడ్డి కప్పు ఉండేది. ఆ ఎండాకాలం దాన్ని పీకేసి రేకులు వేయించారు. ప్రెసిడెంటుగారు జీపు దిగే చోట బురద కాకూడదని రేకుల వాలంతా వెనక్కి పెట్టించారు. వెనక ఏముందో ఎవరూ చూడలేదు.

వెనక నాంచారమ్మ ఉంది.

నాంచారమ్మ ఏదుపంది. షెడ్డు వెనక గోడను ఆనుకున్న మట్టిదిబ్బలో బొరియ ఆమె ఇల్లు. వాళ్ళమ్మ తవ్విన ఇల్లు అది. ఆ ఏడు అందులో నాంచారమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళ ఒంటి మీద ముళ్ళు ఇంకా గడ్డిపరకల్లా మెత్తగా ఉన్నాయి. ముళ్ళు గట్టిపడక ముందే బయటికి తెచ్చిందా, పొదలో కాచుకుని ఉన్న కొండచిలువ ఇద్దర్నీ ఒక్క గుటకలో కానిచ్చేస్తుంది. కాబట్టి ఇంకో నెల రోజులు ఆ బొరియ పొడిగా ఉండాలి. నాంచారమ్మకు ఈ లోకంలో కావలసింది అంతే.

మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. రేకుల మీద పడిన నీళ్ళన్నీ వెనక్కి జారాయి. చూరు పొడుగునా తెరలా దిగి సరిగ్గా నాంచారమ్మ గుమ్మం ముందు పడ్డాయి. పడినచోట గాడి పడింది. గాడిలోంచి బురదనీళ్ళు బొరియలోకి దారి చేసుకున్నాయి. ఆమె పిల్లలిద్దర్నీ లోపలి గట్టు మీదికి నెట్టి, గుమ్మానికి తన వీపు అడ్డం పెట్టి కూర్చుంది. అరగంటలో వాన వెలిసింది కాబట్టి సరిపోయింది.

పక్కన బండ కింద ఉండే తాబేలు తాత మెడ బయటపెట్టి చూశాడు.

"అమ్మాయ్, ఇది ఉత్త తుంపర. ఆరుద్ర కార్తె రానీ, ముసురు పడితే మూడు రోజులు వదలదు. ఇప్పుడే ఓ కాలువ తవ్వుకో."

"అక్కడ బోర్డు పెట్టారు తాతా. షెడ్డు చుట్టూ ముప్ఫై అడుగుల్లో తవ్వకాలు నిషేధం అని."

"నీ ఇల్లు మూడడుగుల్లోనే ఉంది కదే."

"అది బోర్డు కంటే ముందు తవ్వింది. అయినా నేను ఓటేసిన పంచాయతీ తాతా ఇది. ఒక మాట అడిగి చూస్తాను. చెబితే వినరా ఏం?"

తాత మెడ లోపలికి లాక్కున్నాడు. నూట పదేళ్ళు బతికినవాడు కదా, చాలా పంచాయతీలను చూశాడు.

పంచాయతీ కార్యదర్శి కుశలయ్య అనే నక్క. నియమాలన్నీ నోటికి వచ్చు. ఆ ఆఫీసులో రాతకోతలకు వాడేవి ఏదుపంది ముళ్ళే. అర్జీ పెట్టేవాళ్ళు అర్జీతో పాటు ఒక ముల్లు జత చేయాలి. మిగతా జంతువులు నాంచారమ్మను బతిమాలి తెచ్చుకునేవి. ఇప్పుడు ఆమె తన అర్జీకి తన వీపు మీదిదే పీక్కుని, గుమ్మానికి తాతను కాపలా పెట్టి, ఆఫీసుకు వెళ్ళింది.

"చెప్పమ్మా," అన్నాడు కుశలయ్య ముల్లు మొన వేలితో చూసుకుంటూ.

"షెడ్డు చూరు నీళ్ళు మా ఇంట్లోకి వస్తున్నాయండీ. చంటిపిల్లలున్నారు."

"నీళ్ళు మీ ఇంటికి వచ్చాయా, మీ ఇల్లు నీళ్ళ దారిలోకి వచ్చిందా?"

"మా ఇల్లు మా అమ్మ నాటి నుంచీ అక్కడే ఉందండీ. రేకులు మొన్న వేశారు."

"అదే నేనూ అంటున్నాను. ముందు నుంచీ ఉన్నది మీరు. కాబట్టి ముందు జాగ్రత్త కూడా మీదే. అయినా పంచాయతీకి దయ ఉందమ్మా. ఇంజనీరుగారిని తనిఖీకి పంపిస్తాను. వాన లేని రోజు చూసి వస్తారు."

"వాన లేని రోజు వస్తే నీళ్ళెలా కనిపిస్తాయండీ?"

"వాన పడితే ఆఫీసుకు సెలవు. అది నియమం. తడిసిన ఉద్యోగిని ఎవరు తుడుస్తారు చెప్పు?"

ఇంజనీరు ఒక కొంగ. నీళ్ళలో నిలబడ్డ అనుభవం ఎక్కువని ఆయనకు ఆ ఉద్యోగం ఇచ్చారు. నిజానికి ఆయనకు పని వచ్చు. ఏది ఎటు పారుతుందో చూడగానే తెలిసిపోతుంది. తెలిసింది పైకి చెప్పే అలవాటే తక్కువ.

ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం కొంగ వచ్చి షెడ్డు వెనక ఒంటికాలి మీద నిలబడ్డాడు. గంటసేపు చూరు వైపే చూశాడు. చుక్క రాలలేదు. "పరిశీలించిన సమయంలో నీరు కనబడలేదు" అని రాసుకున్నాడు.

"అయ్యా, ఈ గాడి చూడండి," అంది నాంచారమ్మ. "నీళ్ళు పడకపోతే ఇది ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

కొంగకు జాలేసింది. మనసులో మంచివాడే. "నియమం ప్రకారం నీళ్ళు నా కళ్ళతో చూడాలమ్మా. ఒక పని చేద్దాం. గున్నప్పను పిలుద్దాం."

గున్నప్ప ఏనుగు. ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. పిలిచిన రోజే వాగుకు వెళ్ళి తొండం నిండా నీళ్ళు పట్టుకొచ్చి, షెడ్డు ముందు నిలబడి రేకుల మీద చల్లాడు. నీళ్ళు జరజరా వెనక్కి జారి, గాడిలో పడి, నాంచారమ్మ గుమ్మంలోకి వెళ్ళాయి. ఆమె వాటికి వీపు అడ్డం పెడుతూనే సంతోషంగా అరిచింది. "చూశారా! చూశారా అండీ!"

కొంగ చూశాడు. రాశాడు. ఆ కాగితాన్ని కుశలయ్య చదివి చివర ఒక వాక్యం చేర్చాడు: "కావున నీటికి కారణం ఏనుగు." మర్నాడు గున్నప్పకు నోటీసు వెళ్ళింది. పాపం, అది చదివించుకుని ఆయన నాలుగు రోజులు చెరుకు ముట్టలేదు.

అర్జీ అక్కడితో అటకెక్కాల్సిందే. అయితే గున్నప్ప నీళ్ళు చల్లినప్పుడు గాడిలోంచి బురద ఎగిరి, వెనక గోడ చెక్కల సందుల్లోంచి చింది, జీపు వెనక సీటు మీద రెండు చుక్కలు పడ్డాయి. మర్నాడు పొద్దున భల్లయ్య ప్రయాణానికి వచ్చి ఆ రెండు చుక్కలు చూశాడు.

"ఎంత ఘోరం!" అన్నాడు. "చూరు నీళ్ళ సమస్య ఇంత తీవ్రంగా ఉంటే నాకెవరూ చెప్పరేం?"

నాంచారమ్మ వారం రోజుల్లో సాధించలేనిది ఆ రెండు చుక్కలు ఒక పూటలో సాధించాయి. వెంటనే వెనక గోడ చెక్కల సందులన్నీ బంకమట్టితో పూడ్పించారు. ముందు వైపు నీళ్ళు రాకుండా మోకాలెత్తు గట్టు కట్టించి, తలుపు కింద సందు కూడా మూయించారు. ఆ దెబ్బతో షెడ్డు నాలుగు వైపులా బొట్టు కారని తొట్టిలా తయారైంది. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, అవసరం పడుతుంది.

చూరు నీళ్ళ మీద అత్యవసర సమావేశం పెట్టారు. కొంగ లేచి నిలబడ్డాడు.

"లావుపాటి వెదురును నిలువునా చీల్చి దోనె చేద్దామండీ. చూరు కింద కడదాం. రేకుల నీళ్ళు దోనెలో పడతాయి. దోనె ఒక కొస కాస్త దించితే నీళ్ళన్నీ అటు పోతాయి. అక్కడ ఒక ఇంకుడు గుంత తవ్వితే సరి."

వినడానికి ఇంత తేలికగా ఉందంటే ఎక్కడో లోపం ఉండి ఉండాలని సభ్యులంతా అనుమానించారు.

తూర్పు వార్డు సభ్యుడు అడవిదున్న. గిట్టతో నేల తన్ని లేచాడు. "ఏ కొస దించుతావయ్యా?"

"తూర్పు కొసండీ. అటు నేల పల్లంగా..."

"అంటే తూర్పు వాళ్ళు దిగువనా? గోడ మీద ఏం రాసుందో చదువుకున్నావా?"

"పోనీ పడమటి కొస దించుదామండీ," అన్నాడు కొంగ.

పడమటి వార్డు సభ్యుడు అడవిపంది ముట్టె ఎత్తాడు. "మా వార్డు మీదికి వాళ్ళ నీళ్ళా? మా నోట్లో వేలు పెడితే కొరకలేమనుకున్నావా?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. బల్లలు కదిలాయి. భల్లయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇద్దరూ చెప్పింది నిజమేనని తల ఊపాడు. అప్పుడు కుశలయ్య గొంతు సవరించుకున్నాడు.

"తీర్మానం స్పష్టంగా ఉంది. ఎగువ లేదు, దిగువ లేదు. కాబట్టి మన దోనెకు కూడా ఎగువా దిగువా ఉండకూడదు. రెండు కొసలూ సమానంగా కడదాం."

చప్పట్లు మోగిపోయాయి. కొంగ నోరు తెరిచాడు. భల్లయ్య అటు చూశాడు. "చిత్తం," అని కొంగ నోరు మూసుకున్నాడు.

దోనె కట్టారు. సమానంగా ఉందో లేదో చూడడానికి మధ్యలో ఒక నేరేడు పండు పెట్టారు. పండు ఎటూ దొర్లలేదు. తూర్పు వాళ్ళూ పడమటి వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు కౌగలించుకున్నారు. అంత సమానమైన దోనె చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదని భల్లయ్య ఉపన్యాసంలో చెప్పాడు. ఆ మాట నిజమే.

మర్నాడు వాన పడింది. దోనెలో పడిన నీళ్ళకు ఎటు పోవాలో తెలియలేదు. నిండేదాకా నిలబడ్డాయి. నిండాక బరువుకు వెదురు మధ్యలో కొద్దిగా కుంగింది. ఇన్నాళ్ళూ తెరలా పలచగా పడిన నీళ్ళు ఇప్పుడు అక్కడి నుంచి ఒకే ధారగా దూకాయి. ఎక్కడికంటారా? ఇంకెక్కడికి, నాంచారమ్మ గుమ్మం మీదికే. ఆ రోజు నీళ్ళు పిల్లల పాదాల దాకా వచ్చాయి. చిన్నది చలికి వణికింది. నాంచారమ్మకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడవడానికి తీరిక లేక రెండో అర్జీ రాసింది. రెండో ముల్లు పీక్కుంది.

రెండో సమావేశానికి ఆమె కూడా వెళ్ళి ఒక మూల కూర్చుంది. పక్కన కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అది ఆమె ముళ్ళ వల్లే గానీ మరేం కాదు.

"సవరణ చేద్దాం," అన్నాడు కుశలయ్య. "రెండు కొసలూ సమానంగా పైకెత్తుదాం. తూర్పూ ఎగువే, పడమరా ఎగువే. ఎవరికీ చిన్నతనం లేదు."

"మరి దిగువ?" అన్నాడు కొంగ.

"మధ్య. మధ్యకు వార్డు లేదు, సభ్యుడు లేడు. అభ్యంతరం చెప్పేవాళ్ళు లేరు."

"మధ్యలో నేనున్నానండీ!" అంది నాంచారమ్మ.

అందరూ తలలు తిప్పి చూశారు. ఆమె లేచి నిలబడింది. "దోనె మధ్యకు సూటిగా మా గుమ్మం ఉంది. నా పిల్లల ముళ్ళు ఇంకా గట్టిపడలేదు. వాళ్ళని తీసుకుని నేనెక్కడికి పోనండీ?"

భల్లయ్య కరిగిపోయాడు. చెప్పానుగా, మనసు మంచిదే. "పిల్లల తల్లి ఇంతగా మొత్తుకుంటోందయ్యా. ఆ నీళ్ళు బయటికి వదలొద్దు."

"చిత్తం," అన్నాడు కుశలయ్య క్షణం ఆలస్యం చేయకుండా. "అయితే లోపలికి వదులుదాం. మధ్యలో ఒక గొట్టం పెట్టి గోడలోంచి షెడ్డులోకి తిప్పుదాం. లోపలి జాగా పంచాయతీది. ఏ వార్డుకూ సంబంధం లేదు."

కొంగ రెండో కాలు కూడా కింద పెట్టాడు. "లోపల జీపుందండీ!"

"జీపు రేకుల కింద ఉంది," అన్నాడు కుశలయ్య. "రేకుల కింద వాన పడదు. అందుకే కదా రేకులు వేయించింది."

ఈ మాటలో తప్పు ఎక్కడుందో చెప్పాలంటే చాలాసేపు పట్టేలా ఉంది, భోజనాల వేళ కూడా అయింది. తీర్మానం నెగ్గింది. సాయంత్రానికల్లా గొట్టం పెట్టేశారు.

నాంచారమ్మ ఇంటికి వచ్చి గొట్టం వైపు చూసింది. బంకమట్టితో పూడ్చిన గోడ వైపు చూసింది. ఆ గోడను ఆనుకునే తన ఇల్లు. లోపల నీళ్ళు నిండితే ఆ గోడ ఎంతసేపు ఆగుతుంది? ఆగకపోతే ఎవరి మీద పడుతుంది? ఆమెకు ఒళ్ళు జలదరించి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఇన్నాళ్ళూ గుమ్మంలోకి వచ్చింది చూరు నీళ్ళే. ఇప్పుడు పిల్లల నెత్తి మీద ఒక చెరువే వచ్చి కూర్చోబోతోంది.

ఆరుద్ర కార్తె వచ్చింది. పడమట మబ్బు నల్లగా కమ్ముకుంది.

"తాతా," అంది నాంచారమ్మ, "కాలువ ఎటు తీస్తే బాగుంటుంది?"

తాబేలు తాత ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు బండ కింది నుంచి పూర్తిగా బయటికి వచ్చాడు. "బోర్డు చూస్తోందే అమ్మాయ్."

"చూడనీ తాతా. చదువుకున్న బోర్డు, తెలుసుకుంటుంది."

ఆమె గోళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. చూరు కింద గాడిని లోతు చేసింది. తన గుమ్మం పక్కగా వంపు తిప్పి, దిబ్బ చుట్టూ తీసుకెళ్ళి, తూర్పున నేరేడు చెట్టు దగ్గర పల్లంలోకి దించింది. పల్లంలో మూడు నిలువుల గుంత తీసింది. తాత వాగులోంచి గులకరాళ్ళు వీపు మీద పెట్టుకుని ఒక్కో దఫా పదేసి చొప్పున మోశాడు. కాలువ అడుగున కొన్ని, గుంతలో మిగతావి పరిచారు. తాత నడక మీకు తెలిసిందే. అయినా సాయంత్రానికి పని అయిపోయింది. అందులో ఒక్క సమావేశం కూడా జరగలేదు మరి.

చివర్లో నాంచారమ్మ ఒక నేరేడు పండు తెచ్చి చూరు కింద కాలువలో పెట్టింది. పండు ఒక్క క్షణం ఆలోచించి, బయల్దేరి, దొర్లుతూ దొర్లుతూ వంపు తిరిగి, గుంతలో పడింది. బొరియలోంచి తొంగిచూస్తున్న పిల్లలిద్దరూ కిచకిచా నవ్వారు. చాలా రోజుల తర్వాత నాంచారమ్మ కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే భల్లయ్య అలవాటుగా జీపెక్కాడు. తలుపు వేసుకున్నాడు. "డుర్ర్ర్" అన్నాడో లేదో, వాన దంచడం మొదలుపెట్టింది. రేకుల మోతకు ఆయన గొంతు ఆయనకే వినిపించలేదు. రేకుల నీళ్ళు దోనెలోకి, దోనె నీళ్ళు మధ్యకు, మధ్య నీళ్ళు గొట్టంలోకి, అనుకున్నట్టే చేరాయి. ఆ పంచాయతీ చేసిన పనుల్లో అనుకున్నట్టుగా జరిగింది అదొక్కటే.

నీళ్ళు జీపు చక్రాలు దాటాయి. చూరు మోత, నోటి డుర్ర్ర్ కలిసిపోయి భల్లయ్య ఏమీ గమనించలేదు. ఉన్నట్టుండి జీపు కదిలింది.

భల్లయ్యకు నమ్మకం కుదరలేదు. స్టీరింగు తిప్పాడు. జీపు ఇంకొంచెం కదిలింది. "కదిలింది! కదిలింది రోయ్!" అని చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆయన జీవితంలో అంతగా సంతోషపడిన రోజు లేదు. ఆ సంతోషంలో ఇంకోసారి గట్టిగా డుర్ర్ర్ అన్నాడు. అప్పుడు ఆ గంతుకు చిందిన నీళ్ళు నోట్లోకి పోయాయి.

దిగి చూస్తే నడుం లోతు. తలుపు లోపలికి తెరుచుకునేది. నీళ్ళ బరువుకు అది ఆయన ఎంత లాగినా రాలేదు. "ఎవరక్కడ? కాపాడండయ్యా!" అని బొబ్బలు పెట్టాడు. ఆ బొబ్బలు ఆఫీసు దాకా వినబడ్డాయి. లోపల దున్నా, పందీ, కుశలయ్యా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"వెళ్ళాలంటావా?" అన్నాడు దున్న.

"వాన పడుతోంది," అన్నాడు కుశలయ్య. "ఈ రోజు సెలవు."

గోడకు ఇవతల నాంచారమ్మకు బొబ్బలు వినబడ్డాయి. వాటికంటే ముందు చెక్కలు కిర్రుమనడం వినబడింది. వెనక గోడ మధ్యలో పొట్టలా ఉబ్బుతోంది. అది ఒక్కసారిగా పగిలితే ఆ చెరువంతా తన పిల్లల మీదే. పిల్లల్ని తీసుకుని పరిగెత్తడానికి వీల్లేదు. పొదలో కొండచిలువ వాననూ లెక్కచేయకుండా తల ఎత్తి చూస్తోంది.

ఆమె ఆలోచించలేదు. కాలువలోకి దూకి, గోడ అడుగున చెక్కల సందులో కూరిన బంకమట్టిని గోళ్ళతో గీకసాగింది. రెండు గోళ్ళు విరిగాయి. ఒక ముద్ద ఊడింది. వేలెడు ధార బయటికి చిమ్మి కాలువలో పడింది. ఇంకో ముద్ద, ఇంకో ధార. ధారలు కలిసి కాలువ పట్టుకుని, గుమ్మం పక్క నుంచి గలగలా తిరిగి, నేరేడు చెట్టు వైపు పరిగెత్తాయి. ఉబ్బిన గోడ నెమ్మదిగా వెనక్కి తగ్గింది. ఆమె వెనక్కి తిరిగి గుమ్మంలోకి చూసింది. గుమ్మం తడిసింది గానీ లోపలి గట్టు పొడిగా ఉంది. దాని మీద పిల్లలిద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు కాళ్ళు వేసుకుని హాయిగా నిద్రపోతున్నారు.

అప్పుడు ఏడ్చింది నాంచారమ్మ. వానలో ఎవరికి తెలుస్తుంది?

గంటకు షెడ్డు ఖాళీ అయింది. భల్లయ్య తలుపు తీసుకుని, బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, నా ప్రాణం కాపాడావు. నీ మేలు మర్చిపోను." ఆ క్షణంలో అది ముమ్మాటికీ నిజం. తర్వాత ఆయన ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ చివర మాట్లాడింది కుశలయ్య.

మూడో రోజు నాంచారమ్మకు నోటీసు వచ్చింది. "నిషేధిత స్థలంలో అనుమతి లేకుండా కాలువ తవ్వినందుకు, పంచాయతీ గోడ మట్టి ఊడగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి. జవాబుకు ఒక ముల్లు జత చేయాలి."

తాబేలు తాతకు ఒళ్ళు మండింది. నూట పదేళ్ళలో మొదటిసారి గొంతు పెంచాడు. "చింపి పారెయ్యవే దాన్ని!"

"ఊరుకో తాతా," అని నాంచారమ్మ జవాబు రాసి, ముల్లు జత చేసి, గున్నప్ప చేత పంపించింది. అందులో ఇలా ఉంది: "తప్పు ఒప్పుకుంటున్నాను. ఈ సాయంత్రమే కాలువ పూడ్చేసి, గోడ మట్టి ఎప్పటిలా పెట్టేస్తాను. చిత్తం."

ఆఫీసులో ఈ జవాబు చదివే వేళకు ముసురు ఇంకా పడుతూనే ఉంది. భల్లయ్య ఆ రోజు ప్రయాణాన్ని సాయంత్రానికి వాయిదా వేసుకుని ఆఫీసులోనే ఉన్నాడు. జవాబు మూడుసార్లు చదివించుకున్నాడు. కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. నడుం తడుముకున్నాడు.

"ఒరేయ్ కుశలయ్యా! పరిగెత్తరా!"

"వానండీ, సెలవండీ..."

"పరిగెత్తు!"

తడిసిన ఉద్యోగిని ఆ అడవి మొదటిసారి చూసింది. కుశలయ్య తోక నేలకు కరుచుకుని, మీసాల్లోంచి నీళ్ళు కారుతూ, రొప్పుకుంటూ వచ్చి నాంచారమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పూడ్చకమ్మా! నీకు దండం పెడతాను, పూడ్చకు!"

"నియమం కదండీ," అంది నాంచారమ్మ అమాయకంగా.

"నియమం నేను చూసుకుంటాను. నువ్వు ఆ మట్టి కింద పెట్టు."

ఆమె మట్టి కింద పెట్టింది. ఒక పొడి ఆకు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "తుడుచుకోండి. జలుబు చేస్తుంది."

కుశలయ్య ఆ రాత్రే నియమం చూశాడు. పూడ్చకూడదంటే ఆ కాలువ పంచాయతీది కావాలి. కాబట్టి అది మొదటి నుంచీ పంచాయతీదేనని తీర్మానం రాశాడు. అర్జీలతో వచ్చిన ముళ్ళతోనే రాశాడు.

నెల తిరిగేసరికి నేరేడు చెట్టు కింద గుంత తేటగా నిండింది. జింకలు వచ్చి తాగాయి. దున్న వార్డూ, పంది వార్డూ ఒకే ఒడ్డున మూతులు పెట్టాయి. మాటామంతీ లేకుండా తాగాయి గాని తాగాయి. పక్కన బోర్డు వెలిసింది: "పంచాయతీ వారి ఇంకుడు గుంత. రూపకల్పన: ప్రెసిడెంటు భల్లయ్య గారు." ప్రారంభోత్సవం పెట్టారు. రిబ్బను అటొక ముల్లూ ఇటొక ముల్లూ గుచ్చి కట్టారు.

భల్లయ్య ఉపన్యాసానికి లేచాడు. "సోదరులారా, ఈ నీళ్ళు ఎగువ నుంచి దిగువకు..."

కుశలయ్య చెవిలో ఏదో ఊదాడు.

"...అంటే, ముందు నుంచి వెనక్కి ప్రవహిస్తున్నాయి," అని భల్లయ్య సర్దుకున్నాడు. చప్పట్లు మోగాయి. కొంగ రెండు కాళ్ళ మీదా నిలబడి అందరికంటే గట్టిగా కొట్టాడు, ఎందుకో గాని తల మాత్రం దించుకున్నాడు.

నాంచారమ్మకు పిలుపు రాలేదు. ఆమెకు ఆ సంగతి పట్టలేదు కూడా. పొడిగా ఉన్న గుమ్మంలో కూర్చుని పిల్లల వీపులు నిమిరింది. వేలికి చురుక్కున గుచ్చుకుంది. ముళ్ళు గట్టిపడ్డాయి. ఆమె ఆ వేలు నోట్లో పెట్టుకుని, పొద వైపు చూసి నవ్వింది. పొదలో కొండచిలువ ఎటో చూస్తున్నట్టు నటించింది.

చిన్నది ఒక నేరేడు పండు తెచ్చి కాలువలో వదిలింది. అది దొర్లుకుంటూ వెళ్ళి, ఉపన్యాసం మధ్యలో, రిబ్బను కింద నుంచి దూరి, అందరికంటే ముందు గుంతను ప్రారంభించింది.

నీతి: మీ కాలువ మీరే తవ్వుకోండి, రిబ్బను కత్తిరించడానికి మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు.